టేపు తీసే ముహూర్తం

విజయనగరం,
4 మే 2025.

గంగులు మావకి తులసి రాస్తున్న ఉత్తరం.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. మొన్న నా కష్టమంతా అత్తకి పది నిమిషాలు చెప్పాను. అత్త నీ చెవి దగ్గర "బాగానే ఉన్నాదట" అని ఒక్క ముక్క అరిచి ఫోను పెట్టేసింది. ఇరవై ఏళ్ళు బోటింజను పక్కన కూర్చుని నువ్వు చెవులు పోగొట్టుకున్నావు గానీ కళ్ళు మాత్రం గద్ద కళ్ళే. అందుకని కాగితం మీద పెడుతున్నాను. పైగా నేను పంపే సరుకు ఫోన్లో పట్టదు. కింద అంటించిన ముక్కలు పీకే ముందు ఉత్తరం పూర్తిగా చదువు.

గణపతిరావు గారి షెడ్డు సంగతి నీకు తెలుసు కదా. ఎయిర్‌ఫోర్సులో రిటైరై వచ్చి, ఇక్కడ కంటోన్మెంటులో ఇంటి వెనక విమానాల నమూనాలు చేస్తారు. వాటిని బొమ్మలంటే ఆయనకి కోపం. రెండేళ్ళుగా నా పని ఇసుక కాగితంతో చెక్క రుద్దడం. రంగులు కొట్టే ఆయన మార్చిలో హైదరాబాదు వెళ్ళిపోయాడు. ఐటీఐలో నేను చదివింది పెయింటరు పనే, ఆ రంగుల గది నాకివ్వండి అని ధైర్యం చేసి అడిగేశాను. ఆయన టీ తాగడం పూర్తి చేసి గ్లాసు కడిగి పెట్టారు. తర్వాత, "ఇదొక్కటి చేసి చూపించు. ఒప్పుకుంటే గది నీది. లేదంటే విశాఖ నుంచి మనిషిని తెస్తాను, నీకు మళ్ళీ ఇసుక కాగితమే" అన్నారు.

ఆ ఒక్కటి ఏమిటో కూడా చెప్తాను. బొబ్బిలి అమ్మాయి శ్రావణి గారని, పైలట్. తను మొదటిసారి ఒంటరిగా నడిపిన శిక్షణ విమానానికి నమూనా కావాలన్నారు. అప్పట్లో ఆమెకి నేర్పిన గురువుగారు జూన్ 14న రిటైరవుతున్నారు, ఆయన చేతిలో పెట్టడానికి. నాలుగడుగుల రెక్కలు. ఒళ్ళంతా తెలుపు, ముక్కు నుంచి తోక దాకా ఒక ఎర్ర పట్టీ, తోక దగ్గర అది వంపు తిరిగి పైకి లేస్తుంది.

స్ప్రే గన్ను కుంచె లాంటిది కాదు, చెప్పిన చోటే పడమంటే పడదు. రంగు తగలకూడని చోటంతా ముందే కప్పుకోవాలి. నా తిప్పలన్నీ ఇక్కడే. ముందు పాత న్యూస్‌పేపరు కప్పాను. థిన్నరుకి సిరా కరిగి, తెల్ల రెక్క మీద జిల్లా వార్తలు తిరగేసి అచ్చయ్యాయి. తర్వాత టేపు వేశాను. అంచు కిందికి ఎర్ర రంగు దూరి, పట్టీ రంపపు పళ్ళలా వచ్చింది. పనికిరాని పాత రెక్క మీద పరీక్ష కాబట్టి బతికిపోయాను.

కింద మూడు ముక్కలున్నాయి చూడు. మొదటిది గంటస్తంభం దగ్గర కొన్న కాగితం టేపు. రెండోది అట్టపెట్టెలకి వేసే గాజు టేపు. మూడోది ఆన్‌లైన్లో తెప్పించిన నీలం టేపు. మీ ఊరి పడవల మీద నీ గీత చూస్తే నాకు ఇప్పటికీ కడుపుమంటే. దాన్ని దేనితో వేస్తావో దాచకుండా రాయి. ఆ గది నాకు కావాలి మావా. ఇంకెవరో వచ్చి అందులో రంగులు కొడుతుంటే బయట కూర్చుని రుద్దడం ఇక నా వల్ల కాదు.

అత్త మోకాళ్ళు ఎలా ఉన్నాయో రాయి.

రుద్దీ రుద్దీ వేలిముద్రలు అరిగిపోయిన నీ మేనకోడలు,
తులసి


కళింగపట్నం,
9 మే.

చిరంజీవి తులసికి గంగులు దీవించి రాయునది.

నీ ఉత్తరం, దానితో మూడు ముక్కలు చేరినవి. ఉత్తరంలో నేను బడిలో నేర్చుకున్న తెలుగే రాస్తాను. పడవల మీద పేర్లు రాసేవాణ్ణి, నేను తప్పు రాస్తే ఊరు నవ్వుతుంది. మీ అత్త మాటలు మాత్రం ఎలా వస్తే అలా రాస్తాను, దిద్దితే ఆమె ఊరుకోదు.

ఇప్పుడు వేట నిషేధం కదా, పడవలన్నీ ఒడ్డున ఉన్నాయి. జూన్ పదిహేనుకి మళ్ళీ నీళ్ళలో దిగాలి. ఈ రెండు నెలలే నాకు పంట. పదకొండు పడవలు నా కోసం వరసలో ఉన్నాయి. అయినా నీ పని ముందు పెట్టుకున్నాను.

అసలు టేపు ఏమిటే నీకు? గీత చేతిలో ఉండాలి, చుట్టలో కాదు. మా చినబాబు గురువు కుంచె పట్టుకుంటే ఊపిరి బిగబట్టి ఆ చివర నుంచి ఈ చివరకి ఒకే లాగు లాగేవాడు. సరే, ఈ కాలం పిల్లలు, ఏమంటాం.

మూడు ముక్కలూ పరీక్ష చేశాను. మొదటిది కొత్తగా రంగు వేసిన పడవ అంచుకి, రెండోది నా మోచేతికి, మూడోది మీ అత్త స్టీలు బిందెకి అంటించి మధ్యాహ్నం దాకా ఉంచాను. మీ అత్త చూసి, "ఏటి సేస్తన్నావు? ముసలోడివయ్యాక సేతికి బిళ్ళలేటి? నా బిందేటి సేసింది నిన్ను?" అని మొదలుపెట్టింది. విమానం కోసమని చెప్పాను. "బిందెకి రెక్కలొస్తాయేటి?" అని వెళ్ళిపోయింది.

కాగితం టేపు ఒళ్ళంతా ముడతలే. ఆ ముడతల కిందనుంచే రంగు దూరుతుంది. దాన్ని అంచుకి వాడకు, దూరంగా కాగితాలు పట్టి ఉంచడానికి వాడుకో. గాజు టేపు పనికిరాదు, నా మోచేతి వెంట్రుకలన్నీ దానితో పోయాయి, నీ రంగు కూడా అలాగే పోతుంది. నీలం టేపు మంచిది, తిన్నని చోట వేసుకో. జిగురు ఎక్కువైతే కింది రంగు లేస్తుంది, తక్కువైతే పై రంగు దూరుతుంది. నీలందానికి రెండూ సరిపోయాయి.

వంపు దగ్గర నీలం టేపు కూడా లేచిపోతుంది. అక్కడికి కరెంటు పనివాళ్ళ నల్ల టేపు తీసుకో. అది సాగుతుంది. అద్దం మీద పరిచి, కొత్త బ్లేడుతో సన్నగా కోసి, కొంచెం లాగుతూ వంపు వెంట వేస్తూ పో. మరీ లాగితే తెల్లారేసరికి మళ్ళీ కుంచించుకుపోతుంది.

ఇంకొక మాట, ఎవరికీ చెప్పొద్దు. పడవకి నీళ్ళ గీత, అంటే నీళ్ళు తగిలే మట్టం దగ్గరి గీత వేసేటప్పుడు నేనూ టేపు వేస్తాను. ఊళ్ళో తెలియదు. టేపు వేశాక దాని అంచు వెంట ముందు కింద ఉన్న రంగే మళ్ళీ పలచగా కొట్టాలి. కింద తెలుపు ఉంటే తెలుపే. దూరేదేదో ఆ తెలుపే దూరి సందులు మూసేస్తుంది. అది ఆరాక ఎరుపు కొట్టు. ఇంక దూరడానికి దారి ఉండదు.

కాగితం కావాలంటే ఖాకీ కాగితం కొనుక్కో. వార్తలు చదువుకోవడానికే బాగుంటాయి.

మోకాళ్ళు అలాగే ఉన్నాయి, నోరు మాత్రం బాగుంది.

నీ గది కోసం ఎదురుచూసే,
గంగులు


విజయనగరం,
14 మే.

మావా,

నీ రహస్యం నా దగ్గర భద్రం. అద్భుతంగా పనిచేసింది. తెలుపు కొట్టి, ఆరాక ఎరుపు కొట్టి, టేపు లాగేసరికి అంచు బ్లేడుతో కోసినట్టు వచ్చింది. తోక వంపు దగ్గర నల్ల టేపు ఒక్కచోటా లేవలేదు. గణపతిరావు గారు కళ్ళజోడు పెట్టుకుని ముక్కు నుంచి తోక దాకా చూశారు, తోక నుంచి ముక్కు దాకా చూశారు. ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతే పండగే.

పైలట్ కూర్చునే చోట అద్దం ఉంటుంది. దాని మీద టేపు పరిస్తే మూలల్లో సరిగ్గా కూర్చోవడం లేదు. పలచటి టిష్యూ కాగితం తడిపి అద్దం మీద వేసి, చుట్టూ మాత్రం టేపు వేశాను. తడికి అదే అంటుకుని కూర్చుంది. ఇది నా సొంత తెలివి, నీకు వాటా లేదు.

ఇప్పుడు నీతో అసలు పని పడింది. విమానానికి రెండు పక్కలా నంబరు ఉంటుంది, వీటీ అని మొదలయ్యే ఇంగ్లీషు అక్షరాలు. స్టిక్కరు వేద్దామంటే శ్రావణి గారు ససేమిరా అన్నారు. "వేలు పెట్టి తడిమితే అంచు తగలకూడదు, మా గురువుగారు ముందు వేలితోనే చూస్తారు" అన్నారు. టేపులో అక్షరాలు కోసి చూశాను, మూలలన్నీ నలిగిపోయాయి. కుంచెతో రాయాలి. అంత సన్నని అక్షరం చెయ్యి వణకకుండా రాసే మనిషి నాకు తెలిసి ఒక్కడే ఉన్నాడు, ఆయన పేరు గంగులు.

రెక్కలు ఇక్కడే ఉంచి విమానం ఒళ్ళు మాత్రం బస్సు పార్సిల్లో వేశాను. శ్రీకాకుళంలో ఎండుచేపలు అమ్మడానికి వచ్చినప్పుడు అత్త తీసుకోవచ్చు. ఎర్ర పట్టీకీ అద్దానికీ రంగు మరకలు పడకుండా మొత్తం కప్పేశాను. నీలం టేపు అయిపోయింది, చుట్టూ కాగితం టేపే వేశాను. అక్షరాలకి మాత్రం రెండు పక్కలా జానెడు చోటు వదిలాను. నమూనా కాగితం లోపల ఉంది. రాశాక, ఆరగానే టేపంతా తీసేసి, గుడ్డలో చుట్టి పంపు. ఇరవై అయిదు లోపల నాకు చేరాలి, పైన వార్నీషు కొట్టాలి. టేపు ఎలా తీయాలో నీకు నేను చెప్పాలా?

గదికి సగం దూరంలో ఉన్న,
తులసి


కళింగపట్నం,
19 మే.

చిరంజీవి తులసికి,

నీ విమానం మీ అత్త ఎండుచేపల గంప మీద ఎక్కి మన ఇంటికి వచ్చింది. బస్సులో జనమంతా అడిగారట. మీ అత్త, "మా కోడలు సేసింది, ఎగరదు గానీ ఎగిరినోళ్ళు కొంటారు" అని చెప్పిందట. ఆ చెప్పడంలోనే దిగాల్సిన చోటు దాటిపోయి, రెండు మైళ్ళు నడిచి వచ్చింది.

అక్షరాలు రాశాను. మా పడవ అక్షరం మూరెడు ఉంటుంది, ఇది నా బొటనవేలి గోరంత. పొద్దున్నే గాలి లేచే ముందు తలుపులు మూసి రాశాను. రెండు పక్కలకీ రెండు రోజులు పట్టింది. చెప్పకూడదు గానీ బాగా కుదిరాయి. పక్కింటి యమున డిగ్రీ చదువుతోంది కదా, ఇది మిషను అచ్చేనని పందెం కాసి ఓడిపోయింది.

ఇక టేపు సంగతి. తీద్దామని కూర్చుంటే మీ అత్త చెయ్యి పట్టుకుంది. "దానికి కళ్ళు కట్టేసి ఉన్నాయి. మంచిరోజు సూడకుండా ఇప్పేత్తావేటి?" అంది. నీకు గుర్తుందో లేదో, మన ఇంట్లో కొత్త పడవకి ముందువైపు కళ్ళు రాశాక పసుపు గుడ్డ కప్పేస్తాం. గంగమ్మకి పూజ చేసి, మంచి ఘడియలో ఇంటి ఆడది ఆ గుడ్డ తీస్తుంది. ఆ తర్వాతే పడవ నీళ్ళు చూస్తుంది. నీ విమానానికి అద్దం మీద కప్పి ఉన్నది చూసి మీ అత్తకి అదే తోచింది. నాకూ సబబే అనిపించింది. ఇది నీ మొదటి పని, దీని మీదే నీ గది ఆధారపడి ఉంది, ఊరికే విప్పడం ఎందుకు?

పంతులు గారిని అడిగాను. ఇరవై ఏడున అమావాస్య. అది వెళ్ళాక ఇరవై తొమ్మిది గురువారం ఉదయం తొమ్మిదింపావుకి బాగుందన్నారు. నువ్వు ఇరవై అయిదు అన్నావు, నాలుగు రోజుల్లో మునిగిపోయేదేమీ లేదు. అక్షరాలు గట్టిపడాలని దాన్ని డాబా మీద రేకుల కింద పెట్టాను. పక్క నుంచి మంచి ఎండ తగులుతోంది.

రేపు బారువ వెళ్తున్నాను, అక్కడ నాలుగు పడవలున్నాయి. ఇరవై ఎనిమిది రాత్రికి వచ్చేస్తాను.

తన చేతిరాత చూసుకుని తనే మురిసిపోతున్న,
గంగులు


విజయనగరం,
22 మే.

మావా,

నీ ఉత్తరం మధ్యాహ్నం అందింది. సగం చదివి లేచి అత్తకి ఫోను చేశాను. నువ్వు బారువ నుంచి వచ్చాక ఈ గొడవంతా ఏమిటో తెలియాలని రాస్తున్నాను.

పడవకి మనం కప్పేది గుడ్డ. దీనికి కప్పింది టేపు. కాగితం టేపు ఒక పూట ఉంటే ఫర్వాలేదు, రెండు రోజులుంటే మొండికేస్తుంది, రేకుల కింద మే నెల ఎండలో పది రోజులుంటే జిగురంతా కాగి రంగులోకి దిగిపోతుంది. మళ్ళీ రాదు. వస్తే రంగుతో సహా వస్తుంది. ఇదంతా అత్తకి విడమరిచి చెప్పాను. ఇప్పుడే నీడలోకి దించి, టేపు పైకి పీకకుండా వెనక్కి మడిచి మెల్లగా లాగమన్నాను. "సరేలేవే గుంటా, యమున సేత తీయించేత్తాను. నువ్వన్నం తిన్నావా?" అంది. తర్వాత నిజంగానే అన్నం తిన్నాను.

ఇక్కడ గణపతిరావు గారు రోజూ "ఒళ్ళు ఏదమ్మా?" అని అడుగుతున్నారు. విశాఖ ఆయన నిన్న వచ్చి రంగుల గది చూసి వెళ్ళాడు. ఫ్యాను బాగుందన్నాడు. నేను రుద్దుతూ విననట్టు కూర్చున్నాను.

నీ అక్షరాలు చూడాలని ఆగలేకపోతున్న,
తులసి


కళింగపట్నం,
30 మే.

తులసికి,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో నాకు తెలియలేదు. జరిగింది రాస్తున్నాను.

నిన్న తొమ్మిదింపావుకి కొబ్బరికాయ కొట్టి టేపు తీశాం. కాగితం మాత్రం చేతికొచ్చింది, జిగురు అక్కడే ఉండిపోయింది, బెల్లం పాకంలా. అద్దానికి ఏమీ కాలేదు, నీ తడి కాగితం దాన్ని కాపాడింది. కుడి పక్కన మాత్రం జిగురు తెల్ల రంగును పట్టుకుని లేచింది. రూపాయి బిళ్ళంత మేర కింద చెక్క కనబడుతోంది. దానితో పాటు ఆఖరి అక్షరం ఆర్‌కి కాలు పోయింది.

కిరసనాయిలు సీసా తీశాను గానీ అది రంగును కూడా తింటుందని పెట్టేశాను. మీ అత్త సొరచేప నూనె తెచ్చింది. గుడ్డతో అద్ది రెండు గంటలు ఉంచితే జిగురంతా వదిలింది. ఊడిన రంగును మాత్రం ఏ నూనే తేలేదు.

బారువలో పని తొందరగా అయిపోయి నేను ఇరవై అయిదుకే వచ్చాను. మీ అత్త ఫోను సంగతి చెప్పింది. నీ ఉత్తరం కూడా చదివాను. నాకు తెలియని టేపా అనుకున్నాను, ముహూర్తం దాకా ఉంచాను. తప్పంతా నాది. గుడ్డకి జిగురు ఉండదు, టేపుకి ఉంటుంది. ఇన్నేళ్ళు రంగుల్లో ఉండి ఆ తేడా పట్టించుకోలేదు. నీ గది నా చేతుల మీదుగా పోతోందని తలుచుకుంటే కుంచె పట్టుకోబుద్ధి కావడం లేదు.

మళ్ళీ రాస్తానని అడిగే ముఖం నాకు లేదు. పార్సిలు రేపు వేస్తాను.

మావ


విజయనగరం,
3 జూన్.

మావకి,

పార్సిలు అందింది. విప్పగానే షెడ్డంతా చేపల వాసన. నూనె తగిలిన చోట రంగు నిలవదు, గుంటలు పడుతుంది. సబ్బుతో మూడుసార్లు కడిగాను.

నేను ఉత్తరం రాసినా, ఫోను చేసి చెప్పినా, అన్నీ తెలిసి కూడా ఎండలోనే ఉంచావు. నా మాట కంటే నీ పంతమే ఎక్కువైంది. ముందు నిన్ను నమ్మి పంపడమే నా పొరపాటు. ఇది రాస్తుంటే కోపంగానే ఉంది, ఏడుపు కూడా వస్తోంది, దాచుకోను.

గణపతిరావు గారు చూసి, "ఎవరు పాడుచేశారు?" అన్నారు. నేనే అన్నాను. "పద్నాలుగుకి ఇవ్వాలి" అని లోపలికి వెళ్ళిపోయారు. విశాఖ ఆయన పదహారున సామానుతో దిగుతాడట.

ఊడిన చోట లప్పం పెట్టి రుద్దాను. రుద్దడమైతే నాకు బాగా వచ్చు. చిక్కంతా దాని మీద తెలుపు కొట్టడంలోనే. చుట్టూ టేపు వేసి కొడితే బిళ్ళ ఆకారంలో మచ్చ అంచు కనబడుతుంది. టేపు లేకుండా కొడితే మిగతా అక్షరాల మీద రంగు పడుతుంది. రెండు రోజులుగా పాత రెక్కల మీద కొట్టి చూస్తున్నాను, కుదరడం లేదు. ఆర్ కాలు నేనే రాసుకుంటాను.

ఇక నీకు ఏ సరుకూ పంపను.

తులసి


కళింగపట్నం,
7 జూన్.

తులసికి,

చేతిరాత నాది గానీ ఉత్తరం నాది కాదు. మీ అత్త చెప్తోంది, నేను రాస్తున్నాను. దిద్దకూడదని ఒట్టు వేయించుకుంది. ఇక్కడి నుంచి ఆమె మాటలు.

ఒలే తులసీ, నాను మరిడమ్మ అత్తని. నీ ఉత్తరం వచ్చినకాడి నుంచి ఈ మడిసి కూడు తినట్లేదు. ఏటి రాసినాదంటే "కులాసాగా ఉన్నాదట" అన్నాడు. కులాసా అయితే కూడెందుకు తినవని, నిన్న యమున సేత సదివించుకున్నాను. అప్పుడు తెలిసినాది, ఈయన నీకేటి రాసినాడో.

అదంతా అబద్దం. ఈయన ఇరవై అయిదుకి రాలేదు. ఇరవై ఎనిమిది రాత్రే వచ్చినాడు. ఫోను సంగతి నాను సెప్పలేదు. నీ ఉత్తరం దేవుడి పటం ఎనక పెట్టినాను. యమున సేత తీయించేత్తానని నీకు సెప్పినాను గానీ దాన్ని పిలవనే లేదు. టేపు ఊడొచ్చాక ఈయనకి సెప్పినాను. నన్నొక మాట అనలేదు. "గుంట నిన్నేటీ అనకూడదు, నన్నంటే పరవాలేదు" అని కూకుని నీకు ఉత్తరం రాసినాడు.

ఎందుకు సేసినానంటావా? నీకా గది రావాలని గంగమ్మకి మొక్కినాను. అమావాస్య ముందు కళ్ళిప్పితే నీకది దక్కదని బయ్యం. జిగురు గిగురు అంటే నాకేటి తెలుస్తాది? నువ్వు సిన్నపిల్లవి, కంగారు పడతన్నావనుకున్నాను. నీ మీద పేనంతో సేసిన పని నీ గదికే ఎసరు తెచ్చినాది. నన్ను తిట్టు. మావని తిట్టకు. కావాలంటే బస్సెక్కి వచ్చి ఆ గణపతిరావు బాబుకి నానే సెప్తాను.

(ఇక్కడ తనని తాను తిట్టుకుంది. ఒట్టు తప్పినా ఫర్వాలేదని అది రాయలేదు. గంగులు.)

ఇంకోటి ఇను. మచ్చ సుట్టూ అంచు పడిపోతందని రాసినావట. కుండ మీద మూత పెట్టి ఆవిరి పోకుండా పిండి సుడతాం కదా, అలాటి పిండి సుట్టి సూడు. గోదుమపిండి, నూనె వద్దు, ఒట్టి నీళ్ళతో గట్టిగా పిసికి తాడులా సెయ్యి. తాడు గుండ్రంగా ఉంటాది కాబట్టి దాని కిందికి రంగు కొంచెం కొంచెంగా పోతాది, గీత పడదు అంటన్నాడు మీ మావ. పిండి నాది, మిగతా బుర్ర ఆయనది.

మరిడమ్మ చెప్పగా రాసిన,
గంగులు


విజయనగరం,
16 జూన్.

అత్తకీ మావకీ,

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదవండి. మావా, కులాసా అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఊరుకోను, అత్తకి ప్రతి మాటా వినిపించు.

ముందు నేను చెప్పాల్సింది ఉంది. మావని అన్నేసి మాటలు అన్నాను. ఒక్కదానికీ తిరిగి జవాబు చెప్పలేదు. నన్ను క్షమించు మావా. అత్తా, నిన్ను తిట్టాలని కూర్చున్నాను, తిట్టు ఒక్కటీ రాలేదు.

పిండి పనిచేసింది. తాడులా చుట్టి, అక్షరాల మీద ఖాకీ కాగితం కప్పి, దూరం నుంచి పలచగా అయిదుసార్లు కొట్టాను. పిండి ఎండిపోయి పగిలేలోపల తీసేయాలి, పావుగంట కంటే ఆగదు. తడిగుడ్డతో తుడిస్తే అంచే లేదు. మచ్చ ఎక్కడో నాకే వెతుక్కోవాల్సి వచ్చింది. గణపతిరావు గారు పిండి ముద్ద చూసి, "రొట్టెలు సేస్తన్నావేటమ్మా?" అన్నారు. ఆయన నోట మన మాట రావడం రెండేళ్ళలో అదే మొదలు.

ఆర్ కాలు రాయడానికి పాత రెక్కల మీద రెండు వందల సార్లు రాసి ఉంటాను. టేపు లేకుండా, మావలాగే తలుపులు మూసి, పొద్దున్నే. విమానం మీద మాత్రం ఒక్కసారే రాశాను.

పద్నాలుగున శ్రావణి గారు వచ్చారు. చేతులు కడుక్కుని, విమానం చుట్టూ తిరుగుతూ వేలితో తడుముతూ వచ్చారు. ఎర్ర పట్టీ దాటారు, తోక వంపు దాటారు. కుడి పక్క ఆఖరి అక్షరం దగ్గర వేలు ఆగిపోయింది. "ఇది వేరే చెయ్యి కదా?" అన్నారు. విశాఖ ఆయన ఆ రోజే ముందుగా వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అబద్ధం చెప్పొచ్చు, తోచింది కూడా. కానీ చెప్పలేదు. డాబా మీద రేకులు, అమావాస్య, కొబ్బరికాయ, సొర నూనె, పిండి తాడు, మొత్తం చెప్పేశాను.

ఆమె నవ్వలేదు. ఆ అక్షరం మీద వేలు మళ్ళీ నడిపారు. "మేం నేర్చుకున్న విమానానికి ఒంటి నిండా అతుకులే. పొద్దున్నే మా గురువుగారు చుట్టూ తిరిగి ఒక్కో అతుకూ తడిమి, ఇది ఎవరు ఎప్పుడు వేశారో చెప్పేవారు. ఒక్క అతుకూ లేకుండా ఇస్తే ఇది మన విమానం కాదంటారు" అన్నారు. రెక్కలు ఊడదీసి వెనక సీట్లో పెట్టి, మిగతాది గుడ్డలో చుట్టి తనే ఒళ్ళో పెట్టుకుని కారెక్కారు. అక్షరాలు రాసింది ఎవరని అడిగారు. కళింగపట్నం గంగులు అని చెప్పాను.

కారు వెళ్ళిపోయాక గణపతిరావు గారు విశాఖ ఆయనకి టీ ఇచ్చి పంపించేశారు. నా ముందు బల్ల మీద రంగుల గది తాళంచెవి పెట్టి, "ఫ్యాను గోల సేస్తాది, కొంచెం నూనె వెయ్యి" అని లోపలికి వెళ్ళిపోయారు. నేను అక్కడే పీట మీద కూర్చుని ఏడ్చేశాను.

రెండు రోజులైంది. తాళంచెవి నా దగ్గరే ఉంది, ఇంకా గది తెరవలేదు. అత్తా, ఇరవై ఆరున ఆషాఢం వస్తుంది. ఆ లోపల ఒక మంచిరోజు చూసుకుని బస్సెక్కి రా, తలుపు నువ్వే తీయాలి. అంతవరకు పెరట్లో జామచెట్టు కింద రంగులు కొడుతున్నాను. ఆకులు రాలి తడి రంగుకి అంటుకుంటున్నాయి, కాబట్టి కొంచెం దగ్గరి రోజే చూడు.

మీ ఇద్దరి కోసం గుమ్మం బయటే ఉన్న,
తులసి